ఇంటి చదువుకు వేళాపాళా

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు వరకు తరగతులకు బడి ఏడాదికి కనీసం 200 రోజులు, 800 బోధన గంటలు నడవాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. ఈ లెక్క నిండు తరగతి గదికి వేసింది. హాజరు పిలవడం, నోట్సులు దిద్దడం, వెనక బెంచీ అల్లరి సర్దడం అన్నీ అందులోనే పోతాయి. ఇంట్లో ఒకరిద్దరు పిల్లల్ని అంతసేపు కూర్చోబెట్టనక్కర్లేదు. ఆ వయసువారికి చాలా ఇళ్లలో రెండు గంటల చదువు సరిపోతుంది. అయినా హోమ్‌స్కూలింగ్ కొత్తగా మొదలుపెట్టినవారు బడి టైంటేబుల్‌నే గోడకు అంటిస్తారు. పీరియడ్లు, ఇంటర్వెల్‌తో సహా! నెల తిరక్కుండానే అమ్మకూ పిల్లలకూ విసుగు పుడుతుంది.

ముందు రాసుకోవలసింది సబ్జెక్టులు కాదు, ఇంటి వేళలు. నీళ్లు ఎప్పుడొస్తాయి, వంట ఎప్పటికి అవుతుంది, నాన్నకు నైట్ షిఫ్టా, నానమ్మ ఎప్పుడు నడుం వాలుస్తుంది అన్నవి తేలితే పాఠాలకు చోటు తెలుస్తుంది. గడియారం చూసి 9.15కు లెక్కలు అని రాసుకుంటే, టిఫిన్ అరగంట ఆలస్యమైన రోజు మిగతాదంతా తలకిందులవుతుంది. ‘టిఫిన్ అయ్యాక లెక్కలు’ అనుకుంటే ఆ ఇబ్బంది లేదు. పిల్లలకు కష్టమనిపించే సబ్జెక్టు వాళ్లు హుషారుగా ఉన్న వేళకు రావాలి. చాలామందికి అది ఉదయమే, కొందరికి మాత్రం సాయంత్రం ఆటలయ్యాక. చిన్నపిల్లలకు పాఠం ఇరవై నిమిషాలు మించకూడదని ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తుంది.

ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చిక్కు వేరు. పదకొండేళ్ల అక్కకు భిన్నాలు చెబుతుంటే ఆరేళ్ల తమ్ముడు పెన్సిల్ లాగేస్తాడు. ఆ వేళకు వాడికి ఒంటరిగా చేసుకునే పనివ్వాలి. ‘క’ గుణింతం దిద్దుకోవడమో, చింతగింజలు పదేసి కుప్పలు పెట్టడమో. తర్వాత అక్క తన లెక్కలు తాను చేసుకుంటుంటే అమ్మ తమ్ముడి దగ్గర కూర్చోవచ్చు. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ కొలిచేటప్పుడు ఇద్దరినీ పిలిస్తే నిష్పత్తులు పుస్తకం లేకుండానే వచ్చేస్తాయి. తాతయ్య పేపరు పట్టుకునే వేళ తెలుగుకు మంచిది, హెడ్డింగులు పైకి చదివిస్తే చాలు.

అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులైతే చదువు ఉదయం గంట, రాత్రి గంటగా చీలుతుంది. అందులో తప్పేమీ లేదు. సంక్రాంతి వారం, చుట్టాలొచ్చిన రోజులు ముందే సెలవుగా వదిలేయడం మేలు.

పెద్ద పిల్లల పట్టికలో పరీక్షల లెక్క కూడా ఉండాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ సొంత ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి. పదమూడో ఏట నుంచే వారానికోసారి కదలకుండా కూర్చుని జవాబులు రాసే అలవాటు చేయించాలి.