గోడలు నేర్పే కుట్లు

ఎంబ్రాయిడరీ అనగానే మన కళ్ల ముందు మెదిలేవి గులాబీలు, మామిడి పిందెలు, నెమళ్లు. పెళ్లి జాకెట్టు మీదనైనా, దుపట్టా అంచు మీదనైనా అవే మళ్లీ మళ్లీ దర్శనమిస్తాయి. నేడు కంప్యూటర్ యంత్రం ఆ పువ్వునే ఒక్క పోగు తేడా లేకుండా, ఎన్ని కావాలంటే అన్ని కుట్టి ఇస్తున్నది. అదే పువ్వును మన ఆడబిడ్డ రోజుల తరబడి కళ్లు చిట్లించుకుని కుట్టినా, కొనేవారు యంత్రం ధరతోనే పోల్చి బేరమాడతారు. మరి చేతికుట్టుకు ఇక చోటెక్కడ? తన కంటితో తాను చూసి కుట్టిన దానిలోనే ఉన్నదని మా అభిప్రాయం. అటువంటి చూపు కోసం దూరం వెళ్లనక్కరలేదు. మన ఊరి గోడలు చాలు.

ఖమ్మం నుండి భద్రాచలానికి దాదాపు 120 కిలోమీటర్ల దారి. పట్టణంలో మొదలై అడవి అంచును చేరే ఈ దారి పొడవునా మేము చూసిన ఉపరితలాలను జానెడు గుడ్డముక్కల మీద కుట్టి చూశాము.

మొదటిది ఖమ్మం ఖిల్లా గోడ. పెద్ద పెద్ద రాళ్ల పేర్పు అది. ఏ రాయీ మరొక రాయి కొలతలో ఉండదు. బూడిదరంగు ఖద్దరు కింద పాత మెత్తని చీరముక్కను రెండు మడతలుగా పరచి, రాయి ఆకారం చుట్టూ సాదా దూసుకుట్టు వేశాము. కుట్టు పడిన చోట గుడ్డ లోపలికి దిగి, మధ్యభాగం ఉబ్బి, రాయివలె నిలిచింది. కొలబద్దతో గీసిన గీతల మీద కుట్టినప్పుడు అది గచ్చు బిళ్లల వరుసలా కనిపించింది. చేతివాటంగా కుట్టినప్పుడే గోడ అయింది.

రెండవది గ్రానైటు. ఖమ్మం చుట్టుపక్కల రాయిని పలకలుగా కోసి మెరుగుపెట్టే ఫ్యాక్టరీలు మనకు తెలిసినవే. పలకను దగ్గరగా చూస్తే నలుపులో బూడిద, తెలుపు, గులాబీ గింజలు కనిపిస్తాయి. నల్లని నూలు గుడ్డపై ఈ రంగుల దారాలతో చిన్న ముడికుట్లు వేశాము. కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పలుచగా వేయడమే ఇందులోని కిటుకు. రాతిలోని అభ్రకపు మెరుపు కోసం ఒకటి రెండు చమ్కీలు చాలు. పది వేస్తే రాయి పోయి పెళ్లి జాకెట్టు మిగులుతుంది.

మూడవది బజారులోని పాత గోడ. పైసున్నం పెచ్చులూడి, కిందనున్న పాత రంగు బయటపడుతుంది. మూడు రంగుల పాత గుడ్డలను ఒకదానిపై ఒకటి పరచి, పై పొరను అక్కడక్కడ కత్తిరించి, అంచులను లోపలికి మడిచి కుట్టాము. పక్కనే ఉన్న దుకాణపు షట్టరు కోసం ముతక గుడ్డకు అడ్డంగా సన్నని మడతలు పెట్టి, మడత మడతకూ తుప్పురంగు దారం దూశాము.

నాలుగవది కొత్తగూడెం బొగ్గు. 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన నాటి నుండి ఈ నేల బతుకు దానితో ముడిపడి ఉన్నది. మెరుపులేని నల్లగుడ్డపై మెరిసే నల్లని పట్టుదారంతో వేర్వేరు దిక్కులకు కుట్లు వేశాము. రంగు ఒక్కటే అయినా, వెలుగు పడే తీరును బట్టి ప్రతి ముక్కా వేరుగా కనిపిస్తుంది.

భద్రాచలం సమీపించేకొద్దీ సిమెంటు తగ్గి, వెదురు తడికపై మట్టి మెత్తిన గోడలు కానవస్తాయి. మట్టి రాలిన చోట అల్లిక బయటపడుతుంది. దానికి తగిన కుట్టు మన ఇళ్లలోనే ఉన్నది. అదే రఫూ. చిరుగు పూడ్చేందుకు నిలువు పోగులు పరచి, వాటి మీదుగా కిందుగా అడ్డుపోగును నడిపే ఆ పద్ధతే అచ్చంగా తడిక అల్లిక. ఇక అడవిలోని నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ముతక గోనెపట్టా మీద గొలుసుకుట్టు దానికి చక్కగా సరిపోయింది.

ఇందులో మేము కనిపెట్టినదేమీ లేదు. ఈ ప్రాంతపు తండాలలో లంబాడీ స్త్రీలు చతురస్రాలు, త్రికోణాలు, అద్దాలతో తరతరాలుగా కుట్టుతూనే ఉన్నారు. కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు, వారిలో ముస్లింలు కూడా ఉన్నారు, పాత బట్టల ముక్కలను అంచు నుండి మధ్యకు కుట్టుకుంటూ వచ్చి ‘కవంది’ అనే బొంతను తయారు చేస్తారు. మూలల్లో చిన్న గుడ్డ మడతలను కుట్టి వాటిని పువ్వులంటారు. అవి లేని బొంత వారి దృష్టిలో పూర్తయినట్లు కాదు.

మొదలుపెట్టదలచిన సోదరీమణులకు ఒక సులభ మార్గం చెబుతాము. పలుచని తెల్లకాగితాన్ని గోడకు ఆనించి, పెన్సిలును వాల్చి రుద్దండి. గరుకుదనం అచ్చుగా దిగుతుంది. ఒక ముక్కకు ఒకే గుడ్డ, రెండు రంగులు, రెండు కుట్లు మాత్రమే ఎంచుకోండి. వెనుకవైపున తేదీ, పట్టిన గంటలు రాసి ఉంచండి. పని ధర చెప్పవలసి వచ్చినప్పుడు ఆ లెక్కే మీకు బలం. తాను ఎన్ని గంటలు వెచ్చించినదో తెలియని స్త్రీ, ఎదుటివారు పలికిన ధరకే తల ఊపవలసి వస్తుంది.

చేతి కష్టం మన ధర్మంలో చిన్నది కాదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తన చేతులతో పనిచేసి, ఆ సంపాదనను దానం చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలున్న తెరను వ్రేలాడదీసినప్పుడు దైవప్రవక్త (స) దానిని ఇష్టపడలేదు. ఆమె ఆ గుడ్డను పారవేయలేదు, కత్తిరించి దిండుగా మలిచారు. ప్రాణుల బొమ్మల విషయంలో జాగ్రత్త వహించే కుటుంబాలకు రాయి, సున్నం, బెరడు, వెదురు నిరభ్యంతరమైన నమూనాలు.

అయితే నమూనా ఎంత నిరపాయమైనదైనా దానికొక హద్దున్నది. గీతలున్న దుప్పటి నమాజులో తన దృష్టిని మరల్చిందని దైవప్రవక్త (స) దానిని అబూ జహ్మ్ (రజి)కు పంపివేసి, బదులుగా సాదా దుప్పటిని తెప్పించుకున్నారు. కనుక మన కుట్లు దిండ్లకు, సంచులకు, దుపట్టాలకు, బొంతలకు అందం తేవాలి. జానమాజ్‌ను మాత్రం సాదాగానే ఉంచుదాము.

ఈ సెలవుల్లో మీ అమ్మాయి చేతికి ఫోనులోని డిజైను కాక, ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి ఇంటి వెనుక గోడ దగ్గరకు పంపండి. అమ్మమ్మను రఫూ నేర్పమనండి. ఆ కుట్టు తెలిసిన చేతులు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అవి ఉండగానే నేర్చుకోవడం మంచిది.