జాజ్ రికార్డులు: వస్తువు, శిల్పం

కిందటి నెల మా వూళ్లో సాహిత్య సమావేశం ముగిశాక వొక మిత్రుడు మా యింటికి వచ్చాడు. ముందుగది అలమారలో వున్న రికార్డులు చూసి, ఘంటసాల పద్యాలో పాత నాటకాలో అనుకొని వొక్కొక్కటీ పైకి తీశాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడే, చార్లెస్ మింగస్. "అమెరికా క్లబ్బుల సంగీతం మీకెందుకు మాస్టారూ? నల్లజాతి పోరాట గీతాలంటే అర్థం చేసుకోవచ్చు. మాటలే లేని బాకాలో అభ్యుదయం ఏముంది?" అన్నాడు. అప్పటికప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న అతనొక్కడిదీ కాదు. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని మన పత్రికల్లో దశాబ్దాలుగా నడుస్తున్న చర్చే అది. కాకపోతే యీసారి నా అలమార ముందు నిలబడింది.

నేను సంగీతజ్ఞుణ్ణి కాను. పిల్లలకు ఛందస్సు చెప్పుకొని బతికేవాణ్ణి. నా దగ్గర అరవై దాకా ఎల్పీలున్నాయి. సగం హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య దొరికినవి. కొన్ని అమెరికాలో వుద్యోగం చేస్తున్న పాత విద్యార్థి తెచ్చిచ్చినవి. ఈమధ్య నగరాల్లో ఎల్పీ మళ్లీ ఫేషనయింది. 2022లో అమెరికాలో, 1987 తర్వాత మొదటిసారిగా, సీడీల కంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయట. కొత్త రికార్డు ధర చూస్తే మేష్టర్లకు అందేది కాదు. నా రికార్డులకు గీతలున్నాయి, చిటపటలున్నాయి. అయినా అవి నాకిచ్చే ఆనందం గురించి దాపరికం అక్కర్లేదు. అలసిపోయి బడినుంచి వచ్చిన సాయంత్రం సూది దించగానే వచ్చే ఆ మొదటి గరగర నాకు యిష్టం. అయితే ఆ ఆనందం దేనితో తయారయిందన్నదే ప్రశ్న.

అది మొదట లక్కతో తయారయింది. ఇది అలంకారం కాదు. ఎల్పీలు రాకముందు నిమిషానికి 78 చుట్లు తిరిగిన రికార్డుల్లో రాతిపొడిలాంటి వాటిని పట్టివుంచే బంక లక్కే. ఆ లక్కలో పెద్దభాగం మన దేశానిదే. ఛోటానాగపూర్ అడవుల్లో మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద లక్కపురుగు పెట్టిన పెచ్చును ఆదివాసులు గీకి తెస్తే, అది వ్యాపారుల చేతులు మారి కలకత్తా రేవులో ఓడెక్కేది. లక్క యిల్లనగానే మనకు పాండవులు గుర్తొస్తారు; ఆ యింట్లో కాలిపోయిన నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులూ గుర్తురారు. లక్క రికార్డు విన్నవాళ్లకూ లక్క గీకినవాళ్లు గుర్తొచ్చి వుండరు. 1948లో కొలంబియా కంపెనీ వినైల్ ప్లాస్టిక్‌తో ఎల్పీ తెచ్చాక ఆ బంధం తెగింది. నా అలమారలోవన్నీ వినైలే, కాని వాటిమీది పాత పాటలు మొదట లక్కమీద పుట్టినవి.

ఆ లక్క బిళ్లకు వొక నిర్బంధం వుంది. పది అంగుళాల రికార్డు వొక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలే. జాజ్ ప్రాణమేమో ఆశువు. మన కచ్చేరీలో మనోధర్మం అంటామే, అలాంటిది: పాట వొక చట్రం, దాన్ని అప్పటికప్పుడు విప్పి చెప్పడమే విద్య. గంటసేపు రాగం విస్తరించే విద్వాంసుణ్ణి మూడు నిమిషాల్లో ముగించమంటే ఏమవుతుంది? 1928 జూన్ 28న షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' వినండి. ఏ తోడూ లేకుండా ట్రంపెట్ వొక్కటే పది పన్నెండు సెకన్లు పైకెగసి, విరిగి, దిగివస్తుంది. ఆలాపన అంతా అదే. మధ్యలో క్లారినెట్ వొక మాట అంటే ఆయన గొంతుతో, అర్థంలేని అక్షరాలతో, జవాబు చెబుతాడు. చివర వొకే స్వరాన్ని వూపిరి బిగబట్టి నిలబెడతాడు. కందపద్యంలో చతుర్మాత్రా గణాల కట్టడి తిక్కన చేతిలో బలమైనట్టు, ఆ మూడు నిమిషాల కట్టడి ఆయన చేతిలో బలమయింది. తేడా వొక్కటే. కందానికి కట్టడి పెట్టింది లాక్షణికుడు. రికార్డుకు కట్టడి పెట్టింది యంత్రమూ, దాన్ని అమ్ముకొనే కంపెనీ.

ఆ కంపెనీల చరిత్ర తెలిసిందే. బానిసల మనవలు తయారుచేసిన యీ సంగీతాన్ని జాజ్ పేరుతో 1917లో మొదట రికార్డు చేసింది తెల్ల బృందం. 1920 తర్వాత నల్ల గాయకుల రికార్డులు లాభసాటి అని తేలాక వాటికి 'జాతి రికార్డులు' అని వేరే జాబితా పెట్టారు. 1923 నుంచి కొలంబియాకు పాడిన బెస్సీ స్మిత్‌కు పాటకింతని కూలి యిచ్చారు తప్ప అమ్మకాల్లో వాటా లేదు. 1937లో చనిపోతే 1970 దాకా ఆమె సమాధిమీద రాయి లేదు.

ఇక బిల్లీ హాలిడే 'స్ట్రేంజ్ ఫ్రూట్' సంగతి. ఇది రాసింది నావంటి బడిపంతులే కావడంవల్ల నాకు దీనిమీద కొంత పక్షపాతం వుందేమో. ఏబెల్ మీరోపోల్ న్యూయార్క్ బ్రాంక్స్‌లో హైస్కూలు మేష్టారు, కమ్యూనిస్టు. తెల్ల మూకలు విచారణ లేకుండా నల్లవాళ్లను చంపి చెట్లకు వేలాడదీయడం అక్కడ మామూలయిన కాలం. అలాంటి ఫొటో వొకటి చూసి ఆయన రాసిన పద్యం 1937 జనవరిలో ఉపాధ్యాయ సంఘం పత్రికలో అచ్చయింది. (మన సంఘాల పత్రికల్లో డీఏ బకాయిల వార్తల పక్కన వచ్చే కవితలను మనం ఎలా చూస్తామో ఆలోచించండి.) వరస కూడా ఆయనే కట్టాడు. 1939లో కెఫే సొసైటీ అనే క్లబ్బులో హాలిడే దాన్ని పాడేది. అదే చివరి పాట. పరిచారకులు వడ్డన ఆపాలి, దీపాలన్నీ ఆర్పాలి, ఆమె ముఖంమీద వొక్క వెలుగే వుండాలి. పాట అయ్యాక మళ్లీ రాదు.

ఆమెతో ఒప్పందం వున్న కొలంబియా యీ పాటను రికార్డు చేయనంది. దక్షిణాది దుకాణాలవాళ్లు ఏమంటారోనన్న భయం. మిల్ట్ గేబ్లర్ అనే రికార్డుల షాపు యజమాని తన చిన్న కమొడోర్ కంపెనీ తరఫున 1939 ఏప్రిల్ 20న రికార్డు చేశాడు. ఇక్కడ మళ్లీ మూడు నిమిషాల సమస్య, యీసారి తలకిందులుగా. పద్యం పన్నెండు పాదాలే, రికార్డుకు చాలదు. అందుకని ముందు పియానోతో కొంత వాయించమన్నాడు గేబ్లర్. ఫలితం ఏమిటంటే, ఆమె గొంతు వినపడేసరికి నిమిషం దాటుతుంది. ఆ నిమిషంలో శ్రోత చీకట్లో ఎదురుచూస్తాడు. వ్యాపార అవసరం కోసం నింపిన ఖాళీ శిల్పంలో భాగమైపోయింది. ఆమె ఏడవదు, అరవదు. మాటను కొంచెం ఆలస్యంగా, చేదుమాత్రలా నోట్లోనే వుంచుకొని వదులుతుంది. పద్యం మాత్రమే చదివితే అది మంచి ప్రచార కవిత. ఆమె గొంతులో అది సాక్ష్యం.

తర్వాత శాసనసభ విచారణ సంఘం మీరోపోల్‌ను పిలిచి, యీ పాట రాయడానికి కమ్యూనిస్టు పార్టీ డబ్బిచ్చిందా అని అడిగింది. 1953లో రోజెన్‌బర్గ్ దంపతులను వురితీశాక అనాథలైన వాళ్ల యిద్దరు కొడుకులను పెంచుకొన్నది ఆయనా, ఆయన భార్యే.

నా తప్పు కూడా చెప్పాలి. మొదట్లో యీ రికార్డును పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేవాణ్ణి. దీపాలార్పి, వడ్డన ఆపించి పాడిన పాటను టీ తాగుతూ మార్కులు వేస్తూ విన్నాను! కొన్నవాడికి ఎప్పుడైనా, ఎలాగైనా వాడుకొనే హక్కు యివ్వడమే సరుకు లక్షణం. ఆ హక్కును వొక్క యీ పాట విషయంలో నేను వదులుకొన్నాను.

ఇప్పుడు మిత్రుడి ప్రశ్న, మాటలేని బాకా. 1957లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్ల విద్యార్థులను హైస్కూల్లోకి రానివ్వకుండా గవర్నరు ఫాబస్ సైనికులను నిలబెట్టాడు. మింగస్ దానిమీద 'ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్' కట్టాడు. 1959లో కొలంబియా ఎల్పీలో అది మాటలు లేకుండా వచ్చింది. 1960లో కేండిడ్ అనే చిన్న కంపెనీకి మాటలతో రికార్డు చేశాడు. అందులో ఆయనా, డ్రమ్ము వాయించే డానీ రిచ్‌మండ్ ఒకరినొకరు అడుగుతూ, జవాబులిస్తూ గవర్నరును ఎగతాళి చేస్తారు. అచ్చం మన బుర్రకథలో కథకుడూ హాస్యపు వంతా. అన్నట్టు, ఆ రికార్డులో మింగస్ పాటలకు ముందు శ్రోతలతో మాట్లాడతాడు, గ్లాసులు చప్పుడు చేయొద్దంటాడు. తీరా చూస్తే అది స్టూడియో. ఎదురుగా శ్రోతలే లేరు.

నాలుగు రోజుల తర్వాత ఆ మిత్రుణ్ణి మళ్లీ పిలిచి రెండూ వినిపించాను, మాటలు లేనిదే ముందు. పెద్దమనిషి వేషం కట్టిన పగటివేషగాడు తప్పటడుగులేస్తూ వస్తున్నట్టుంటుంది ఆ నడక. బాకాలు మర్యాదగా మొదలెట్టి వెక్కిరింతలోకి జారతాయి. అతను నవ్వాడు, "ఎవడో దొరను ఆడిస్తున్నారు" అన్నాడు. తర్వాత మాటలున్నది విని, "ఇదీ అసలైంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మాటలున్నదానిలో తిట్టు ఫాబస్‌కే తగులుతుంది. లేనిదానిలో ఆ వేషం ఏ దొరకైనా సరిపోతుంది.

"సరే, కాని మీరు ముందే ఫాబస్ కథ చెప్పకపోతే నేను దొరను పట్టేవాణ్ణా?" అన్నాడు. న్యాయమైన మాటే. రికార్డు నడుమనున్న కాగితంమీద మింగస్ పేరు అచ్చువేయించాడు కదా అన్నాను. "పేరు కూడా మాటే కదా మాస్టారూ!" అని, రికార్డు తిప్పి మళ్లీ మొదటిదే పెట్టమన్నాడు.