కూర్చున్న కనులకు కట్టిన ఇల్లు

నడువలేనివారికి ఇల్లు కట్టవలెనన్న మన మనస్సునకు మొదట తోచునది వైద్యాలయమే: తెల్లని గోడలు, ఇనుప కమ్ములు, వాకిటికి ఆనించిన సిమెంటు వాలు. ఆ వాలు మీదుగా లోనికి చేరిన మనిషికి చెట్టునీడయు తోటగాలియు మరల లభించునా యని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు సమాధానముగా నిర్మింపబడిన గృహ మొకటి అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రమందలి రాక్‌ఫర్డ్ పట్టణమున కలదు.

కెనెత్ లారెంట్ ద్వితీయ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళమున పనిచేసినవాడు. వెన్నెముకలోని కంతికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కాళ్లు చచ్చుబడి, చక్రాల కుర్చీయే ఆయనకు ఆధారమయ్యెను. సుప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన యొక చిన్న యింటిని గూర్చి భార్య ఫిలిస్ పత్రికలో చదువగా, ఆయన రైట్‌కు లేఖ వ్రాసెను. 1949లో రూపకల్పన జరిగి, 1952 నాటికి ఇల్లు సిద్ధమయ్యెను.

ఇల్లంతయు ఒకే అంతస్తు, మెట్టు లేదు. తోటవైపు గోడకు మారుగా విల్లువలె వంగిన గాజుతలుపుల వరుస, దాని కౌగిలిలో చిన్న కొలనుతో కూడిన ముంగిలి. లోపలి నేలయు ముంగిలి నేలయు ఒకే మట్టమున నుండుటచే, ఇతరుల చేయూతకై నిరీక్షింపక, ఇచ్ఛ కలిగిన క్షణముననే ఆయన కుర్చీతో వెలుపలి వెలుగులోనికి పోగలిగెను. తలుపు పిడులు, దీపపు మీటలు చేతికందు ఎత్తునకు దింపబడెను. వీనిని మించి నన్ను కదలించున దొకటి కలదు: వచ్చిన అతిథి కూర్చుండగానే అతని చూపు లారెంట్ చూపుతో సమముగా కలియునట్లు రైట్ ఆసనములనే పొట్టిగా చేయించెను. ఆ దంపతులు సుమారు అరువది సంవత్సరములు అందే కాపురముండిరి. అమెరికాలో వికలాంగుల హక్కులకై సమగ్రమైన చట్టము 1990లో గాని రాలేదన్న సంగతి తలచినచో, ఈ శిల్పి దూరదృష్టి యెంతటిదో తెలియును.

మెట్టు తప్పనిచోటను ఉపాయము లేకపోలేదు. ఫ్రాన్సులో బోర్డో నగరసమీపమున, కొండమీద, వాస్తుశిల్పి రెమ్ కూల్హాస్ 1998లో పూర్తిచేసిన మూడంతస్తుల యింటిలో, చక్రాల కుర్చీ నాశ్రయించిన యజమాని పనిగదియే 3 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల పొడవు గల లిఫ్టు. బల్లయెదుట కూర్చున్న వాడు కూర్చున్నట్లే పైకి క్రిందికి పోవుచుండెను.

అంత ధనము వెచ్చింపజాలని మనకు కొలతలు తెలిసిన చాలును. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు కావలెను. తలుపునకు 900 మిల్లీమీటర్ల ఖాళీ, కుర్చీ పూర్తిగా తిరుగుటకు 1500 మిల్లీమీటర్ల వలయము విడువవలెను. పసుపు పూసి, బొట్టు పెట్టి మనము గౌరవించు గడపను నేలమట్టమునకు దింపినంత మాత్రమున దాని పవిత్రతకు లోపము రాదు. కార్యాలయములు, పాఠశాలల వంటి కట్టడములకు మన దేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ సౌకర్యములను విధించినది గాని, సొంత యింటి తోటబాటను చదునుచేయుమని మేస్త్రీకి చెప్పవలసినవారు మనమే. ఇల్లు కట్టదలచినవారలారా, పునాది తీయకముందే, ప్లాను గీయించునాడే, ఈ మాట చెప్పుడు.