మట్టిని బట్టి మిషన్

"బంగారాన్ని కనిపెట్టే మిషన్ ఎంతలో వస్తుంది?" అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. బంగారాన్ని మాత్రమే కనిపెట్టే మిషన్ ఎక్కడా లేదు. మెటల్ డిటెక్టర్‌కి తెలిసిందల్లా తన కింద విద్యుత్తు పారే వస్తువు ఏదో ఉందని. అది ముక్కుపుడకా, ఇనుప సీలా, సీసా మూతా అన్నది తేల్చుకోవాల్సింది మనమే.

ఈ పరికరం పుట్టిన తొలినాళ్లలోనే ఆ సంగతి బయటపడింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకీ గుండు ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ సృష్టికర్త గ్రాహం బెల్ ఓ యంత్రం తయారుచేసుకొచ్చాడు. ప్రయోగాల్లో చక్కగా పనిచేసిన యంత్రం రోగి దగ్గరకొచ్చేసరికి తికమక పెట్టింది. మంచంలో ఉక్కు స్ప్రింగులున్న సంగతి బెల్‌కి తరవాత గాని తెలియలేదు. లోహం ఉందా అంటే ఉందని చెప్పింది, ఏ లోహమో చెప్పలేదు. నూట నలభై ఏళ్లు దాటినా నేటి డిటెక్టర్ల అసలు ఇబ్బంది అదే. ఏది కొనాలో తేల్చుకోవాలంటే ముందు అది అర్థం కావాలి.

మోత వెనక ఏముంది

డిటెక్టర్ కర్ర చివర పళ్లెంలా ఉండేదాన్ని కాయిల్ అంటారు. దాంట్లోని తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ ఊగుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం నేలలోని లోహాన్ని తాకితే లోహంలో చిన్నచిన్న సుడులుగా విద్యుత్తు తిరుగుతుంది. ఆ సుడులు తిరిగి తమ క్షేత్రాన్ని పైకి పంపుతాయి. దాన్ని ఇంకో తీగచుట్ట పసిగట్టి చెవికి మోతగా వినిపిస్తుంది.

అన్ని సుడులూ ఒకలా ఉండవు. మందపాటి వెండి నాణెంలో పుట్టిన సుడి నిదానంగా ఆరుతుంది. వడ్లగింజంత బంగారంలో పుట్టింది చప్పున ఆరిపోతుంది. ఈ తేడాని కొలిచే డిటెక్టర్ తెర మీద ఒక అంకె చూపిస్తుంది. చిక్కల్లా ఇక్కడే. సిగరెట్ పెట్టెలోని అల్యూమినియం రేకులోనూ సుడి అంతే వేగంగా ఆరుతుంది. అందుకే చెత్త మోత వద్దని రేకు అంకెల్ని మూసేస్తే దాంతోపాటే చిన్న బంగారమూ వినబడకుండా పోతుంది. అలా అంకెల్ని మూసే మీట నాణేలు వెతికేవాడికి వరం, బంగారం వెతికేవాడికి శాపం.

నాణేలకి ఒకటి, బంగారానికి ఒకటి

బజారులో దొరికే డిటెక్టర్లలో ఎక్కువ భాగం 'వీఎల్ఎఫ్' రకం. ఎడతెగకుండా తరంగాన్ని పంపే ఈ రకంలో చూడాల్సింది ఫ్రీక్వెన్సీ. 5 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేసేవి వెండి, రాగి నాణేల్ని బాగా పట్టుకుంటాయి. మామూలు నేలలో నాణెమంత వస్తువుని జానెడు లోతు వరకు వినిపిస్తే మంచి మిషన్ కిందే లెక్క. అగ్గిపుల్ల తలంత బంగారం కావాలంటే ఫ్రీక్వెన్సీ పెరగాలి. మైన్‌ల్యాబ్ వారి గోల్డ్ మాన్‌స్టర్ 1000 పనిచేసేది 45 కిలోహెర్ట్జ్ దగ్గర, ఫిషర్ వారి గోల్డ్ బగ్ 2 అయితే 71 దగ్గర. అవి అంతంత చిన్న రేణువులకీ పలుకుతాయి. కానీ లోతున్న నాణెం దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీ మిషన్లకి సాటిరావు. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో పనిచేసే రకాలూ వచ్చాయి. వారంలో ఒకరోజు బీచ్, ఒకరోజు పార్కు, ఎప్పుడైనా బంగారం అనుకునేవారికి అవి నయం.

రెండో రకం 'పల్స్ ఇండక్షన్'. ఇది ఒక్క క్షణం గట్టిగా తరంగాన్ని కొట్టి, ఆపి, నేల నుంచి వచ్చే జవాబు కోసం చెవి పెడుతుంది. దీని గొప్పతనం తెలియాలంటే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి వెళ్లాలి.

విక్టోరియా ఎర్రమట్టి చెప్పిన పాఠం

మెల్‌బోర్న్ నుంచి వాయవ్యంగా వెళితే బాలరాట్, బెండిగో ఊళ్లు వస్తాయి. 1851లో మొదలైన బంగారు వేటకి పేరుపడ్డ ప్రాంతం అది. 1869లో మోలియాగల్ దగ్గర 'వెల్‌కమ్ స్ట్రేంజర్' అనే బ్రహ్మాండమైన బంగారు ముద్ద దొరికింది చెట్టు వేళ్ల మధ్య, మట్టి పైపొరలోనే. ఆనాటివాళ్లు తవ్వుకుని వెళ్లిపోయాక, 1980లో కింగోవర్ దగ్గర ఒకాయన డిటెక్టర్ కాయిల్ ఊపుకుంటూ పోతుంటే అది మోగింది. కొద్దిపాటి లోతులో 27 కిలోల పైచిలుకు ముద్ద! 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అని పేరుపెట్టిన దాన్ని పది లక్షల డాలర్లకి పైగా ఇచ్చి లాస్ వేగస్ కసినో ఒకటి కొనుక్కుంది. డిటెక్టర్‌తో దొరికిన బంగారు ముద్దల్లో ఇప్పటికీ అదే పెద్దది.

ఆ కథ విని మిషన్ భుజానేసుకుని వెళ్లినవాళ్లకి ఎదురైంది ఎర్రమట్టి. అందులో ఇనుప ఖనిజం ఎక్కువ. మామూలు వీఎల్ఎఫ్ మిషన్‌కి నేలే పెద్ద ఇనుప ముక్కలా వినిపిస్తుంది. నేల మోతని తీసేసి లోహం మోతనే వినిపించే 'గ్రౌండ్ బ్యాలెన్స్' ఉన్నా, ఒక స్థాయి దాటితే చేతులెత్తేస్తుంది. పల్స్ మిషన్ అక్కడ గెలిచింది. అడిలైడ్‌లో పుట్టిన మైన్‌ల్యాబ్ సంస్థ 1990ల నుంచి తెచ్చిన పల్స్ మిషన్లతో, పాతవాళ్లు వెతికి వదిలేసిన నేలలోనే మళ్లీ బంగారం బయటపడింది.

మరి అందరూ అదే కొనొచ్చు కదా? వీటి ధర వేల డాలర్లలో ఉంటుంది. ఇనుమూ బంగారమూ వేరుచేయడం వీటికి అంతంతమాత్రమే, మోగినచోటల్లా తవ్వాలి. చెత్త నిండిన పార్కులో పల్స్ మిషన్ పట్టుకున్నవాడు సాయంత్రానికి సీలలూ మూతలూ ఏరుకుని ఇంటికొస్తాడు. బరువు సంగతి కూడా ఉంది. గోల్డ్ మాన్‌స్టర్ కిలోన్నర లోపు, అదే మైన్‌ల్యాబ్ వారి జీపీజెడ్ 7000 అనే పెద్ద మిషన్ మూడు కిలోల పైన. రోజంతా ఊపే చేతికే ఆ తేడా తెలుస్తుంది.

కొనేముందు

ఏం వెతుకుతున్నాను, ఎలాంటి నేలలో వెతుకుతున్నాను అన్న రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే సగం బేరం అయిపోయినట్టే. మామూలు పొలాల్లో, పార్కుల్లో నాణేలకైతే తెర మీద అంకె చూపే వీఎల్ఎఫ్ చాలు. ఇనుము తక్కువ నేలలో చిన్న బంగారానికైతే ఎక్కువ ఫ్రీక్వెన్సీ వీఎల్ఎఫ్. ఎర్రనేలలో లోతు బంగారానికి పల్స్. సముద్రపు తడి ఇసుకలో ఉప్పునీరే మోగుతుంది కాబట్టి అక్కడ ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ వద్దు.

దుకాణంలో గాల్లో నాణెం ఆడించి చూపే పరీక్షని నమ్మకండి. అక్కడ మట్టి లేదు, అసలు పరీక్ష మట్టిదే. చిన్న సీసం గుండు జేబులో వేసుకెళ్లండి. సీసం దాదాపు బంగారంలాగే పలుకుతుంది. మీరు వెతకబోయే నేలలో దాన్ని రెండంగుళాల లోతున పాతి వినండి. వీలైతే మిషన్‌ని ఒకటి రెండు రోజులు అద్దెకి తీసుకున్నాకే కొనండి. ఉన్న డబ్బంతా మిషన్ మీదే పెట్టకుండా హెడ్‌ఫోన్‌కీ, గుంటలో ముక్క ఎక్కడుందో చూపే పిన్‌పాయింటర్‌కీ కొంత ఉంచుకోండి. కాయిల్‌ని నేలకి ఆనీ ఆనకుండా వాకిలి ఊడ్చినంత నిదానంగా తిప్పేవాడు, ఖరీదైన మిషన్‌తో పరుగెత్తేవాడికన్నా ఎక్కువ తెచ్చుకుంటాడు.

దొరికింది ఎవరిది

1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్ గ్రామంలో ఓ రైతు పొలంలో పోగొట్టుకున్న సుత్తిని వెతకడానికి మిత్రుడొకడు డిటెక్టర్‌తో వచ్చాడు. సుత్తి కన్నా ముందు రోమన్ల కాలపు నాణేలు మోగాయి. ఆయన అక్కడితో తవ్వడం ఆపి అధికారులకి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణులు వచ్చి తీస్తే దాదాపు 15 వేల నాణేలు, బంగారు నగలు బయటపడ్డాయి. నిధి బ్రిటిష్ మ్యూజియానికి చేరింది, ఆ సుత్తితో సహా. చట్టప్రకారం ఆయనకి 17.5 లక్షల పౌండ్ల బహుమానం దక్కింది. ఆస్ట్రేలియా విక్టోరియాలో అయితే 'మైనర్స్ రైట్' అనే అనుమతి పత్రం తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది, అనుమతించిన చోట్ల దొరికిన బంగారం మీదే. తవ్విన గుంట పూడ్చి రావాలి. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకి అది వారాంతపు విహారం.

మన దగ్గర లెక్క వేరు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలూ పడవచ్చు. నూరేళ్లు దాటిన వస్తువులకి పురావస్తు చట్టాలూ వర్తిస్తాయి. బంగారం మాటకొస్తే, కోలార్ లాంటి గనుల్లో పసిడి రాతిలో కంటికానని రేణువులుగా చెదిరి ఉంటుంది, దాన్ని ఏ డిటెక్టరూ వినలేదు. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు ఏరేవాళ్లకీ ఇది పనికిరాదు, వజ్రం లోహం కాదు గనక.

ఇక లంకెబిందెల ఆశ మీద బతికే బేరగాళ్లున్నారు. వంద గజాల అవతల బంగారాన్ని ముల్లు తిప్పి చూపిస్తుందంటూ యాంటెన్నా పుల్లలు అమ్ముతారు. గోల్ఫ్ బంతులు వెతుకుతుందని అమ్మే బొమ్మలాంటి పుల్లనే బాంబుల డిటెక్టరని ఇరాక్‌కి అమ్మిన వ్యాపారికి 2013లో లండన్ కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. నిజమైన డిటెక్టర్ జానెడు, మూరెడు లోతు మాటే చెబుతుంది. వంద గజాలు చెప్పేవాడు ఎవడైనా సరే, డబ్బులు తీయకుండా వెనక్కి తిరిగి వచ్చేయండి.