బొమ్మను దాచిన సూత్రం

ఏదైనా ఒక సంఖ్యను అనుకోండి. దాన్ని సగం చేసి 10 కలపండి. వచ్చినదాన్ని మళ్ళీ సగం చేసి 10 కలపండి. 100తో మొదలుపెడితే 60, 40, 30, 25, 22.5 ఇలా దిగుతుంది. సున్నతో మొదలుపెడితే 10, 15, 17.5 ఇలా ఎక్కుతుంది. ఎక్కడ బయలుదేరినా చేరువయ్యేది 20కే. అంటే ఆ చిన్న సూత్రంలో 20 దాగి ఉన్నదన్నమాట!

బొమ్మను కూడా ఇలా దాచవచ్చునా? ఫెర్న్ ఆకును చూడండి. దాని ప్రతి చిన్న రెమ్మా మొత్తం ఆకులాగే ఉంటుంది. ఇలాంటి ఆకారాలకు మాండెల్‌బ్రాట్ 1975లో పెట్టిన పేరు ఫ్రాక్టల్. బార్న్‌స్లీ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1980లలో నాలుగే నాలుగు సూత్రాలతో, ఒక్కొక్కదానిలో ఆరేసి సంఖ్యలతో, ఫెర్న్ ఆకును కంప్యూటరు చేత గీయించాడు.

బాగానే ఉంది. కాని తాతగారి ఫొటో ఫెర్న్ ఆకు కాదే! ఆయన ముక్కు ఆయన ముఖంలా ఉండదు కదా. అటువంటి బొమ్మకు సూత్రం కావాలంటే మనిషే కంప్యూటరు ముందు కూర్చుని గంటల తరబడి తంటాలు పడవలసి వచ్చేది.

ఈ పనిని యంత్రానికే అప్పగించే దారిని 1989లో బార్న్‌స్లీ శిష్యుడు జాకెన్ చూపాడు. ముక్క మొత్తాన్ని పోలనక్కరలేదు, మరో ముక్కను పోలితే చాలు అన్నదే కీలకం. చొక్కా అంచు చెవి అంచుకు సరిపోవచ్చు!

256 వరుసలు, వరుసకు 256 చుక్కలు ఉన్న నలుపు తెలుపు ఫొటో తీసుకుందాం. ఎనిమిదేసి చుక్కల గళ్ళుగా కోస్తే 1,024 చిన్న గళ్ళు వస్తాయి. ప్రతి చిన్న గడికీ అదే ఫొటోలో రెండింతల పొడవు, వెడల్పు గల పెద్ద గడిని యంత్రం వెతకాలి. దాన్ని సగానికి కుదించి, అవసరమైతే తిప్పి, నలుపు తెలుపుల తేడా తగ్గించి, కొంత వెలుగు కలిపి చూడాలి. తగ్గించి కలపడం! మన 20 ఆట ఇదే.

పెద్ద గడిని ఉంచగల చోట్లు 241 × 241, అంటే 58,081. ఒక్కొక్కదాన్ని 8 విధాలుగా తిప్పవచ్చు. 1,024 గళ్ళకూ లెక్కిస్తే పోలికలు 47 కోట్లు దాటుతాయి! అందుకే జాకెన్ గళ్ళను ముందే చదునైనవి, అంచులున్నవి అంటూ వేరుచేసి, ఒకే జాతి వాటినే పోల్పించాడు.

ఫలితం? గడికి సుమారు 4 బైట్లు చాలు. 65,536 బైట్ల ఫొటో 4,096 బైట్లలో ఇమిడిపోతుంది. కాకపోతే కొన్ని సన్నని వివరాలు పోతాయి. తిరిగి గీయడానికి మీ ఆవు ఫొటోతో మొదలుపెట్టినా సరే, సూత్రాలను పదిసార్లు నడిపితే తాతగారే ప్రత్యక్షమవుతారు!

1993లో మైక్రోసాఫ్ట్ వారి ఎన్‌కార్టా విజ్ఞాన సర్వస్వం బొమ్మలను ఈ పద్ధతిలోనే దాచారు. అయితే వెతకడానికి పట్టే కాలమే దీనికి శత్రువైంది. త్వరగా పని ముగించే జేపెగ్ పద్ధతి లోకమంతా పాకింది.

ఇంతకూ, సగం చేయడానికి బదులు రెట్టింపు చేసి 10 కలుపుతూ పోతే ఏమవుతుంది? 100తో మొదలుపెట్టి చూడండి.