పక్షి పేరులో ప్రదేశం

మన దేశంలో పక్షిజాతులు పదమూడు వందలకు పైగా ఉన్నవి. మన కావ్యాలలో వాటి సంఖ్య వ్రేళ్ళమీద లెక్కింపదగినది. హంస, చకోరం, చక్రవాకం, చాతకం, శుకం, పికం: వీటితోనే శతాబ్దాలు గడిచినవి. ఇది పూర్వకవుల లోపం కాదు. చాతకం వట్టి కల్పన కాదు. తలపై జుట్టుగల ఆ నలుపు తెలుపుల పక్షి తొలకరి వేళకు ఆఫ్రికానుండి ఉత్తర భారతానికి వచ్చును. ఒకప్పుడెవరో దానిని చూచి వ్రాసిరి. తరువాతివారు చదివి వ్రాసిరి. కవిసమయం పుట్టినది చూపులోనే.

భూమి మారినకొద్దీ పక్షి మారును. హిమాలయాలలో మోనాల్ వేసవిలో ఎత్తయిన పచ్చికబయళ్ళకు ఎక్కి, చలికాలంలో దిగువ అడవులకు దిగును. పడమటి కనుమలలో పెద్ద వృక్షాల తొర్రలు లేనిదే వేళాంబల్ గూడు కట్టలేదు. అది తిన్న మర్రి, రావి జాతుల పండ్ల గింజలు అడవియంతటా మొలచును. కచ్ఛపు ఉప్పునేలలలో రాజహంసలు వేలకొలది గుడ్లు పెట్టును. థార్ గడ్డిభూములలోని బట్టమేక పిట్టలు నేడు దేశం మొత్తంమీద రెండు వందలైనను లేవు. గడ్డినేల తరిగినది, విద్యుత్తు తీగలు పెరిగినవి.

ఈ వైవిధ్యాన్ని పల్లెజనులు పేర్లలో దాచుకొనిరి. నీరు తోడు గూడవంటి ముక్కు సంచిగల పక్షి గూడబాతు. కలివిపొదల చెంత తిరుగునది కలివి కోడి. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కిన ఈ కలివి కోడి 1900 తరువాత పండితులకు కనబడలేదు, నశించినదనుకొనిరి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు కడప ప్రాంతపు పల్లెలలో బొమ్మ చూపి విచారింపగా, 1986లో ఐతన్న అనే గ్రామస్థుడు రాత్రివేళ దానిని పట్టి తెచ్చెను. ఎనభై ఆరేండ్లు శాస్త్రం మరచినదానిని ఆ ఊళ్ళు మరువలేదు.

పొదలు నరికినచో పక్షి పోవును. పక్షితో పేరు పోవును. పేరుతో ఒక ప్రదేశాన్ని పలుకు శక్తి భాషకు తగ్గును. నిఘంటువులో మిగిలిన పేరు బ్రతికిన పేరు కాదు. కథలో “ఏదో పిట్ట కూసింది” అని వ్రాయబోవు రచయిత ఒక్కక్షణం ఆగి, అదేమి పిట్టయో ఆ ఊరివారిని అడుగవలెను. చాతకం మన సాహిత్యంలోనికి వచ్చిన దారి అదియే.