పెట్టెలో దొరికిన పాత రీలు: కడిగించే ముందు తెలుసుకోవలసినవి

పండుగకు ఇల్లు సున్నం వేసేటప్పుడో, పెద్దల ట్రంకుపెట్టె సర్దేటప్పుడో కడిగించని ఫిల్ము రీలు ఒకటి బయటపడుతూ ఉంటుంది. అందులో ఎవరి పెళ్లి ఉన్నదో, ఏ అవ్వ ముఖం ఉన్నదో తెలియదు. అటువంటి రీలును విచారించకుండా ల్యాబుకు ఇచ్చి నేను నష్టపోయాను.

మా నాన్నగారి కెమెరాలో మిగిలిన నలుపు తెలుపు రీలును ఒక కలర్ ల్యాబులో ఇచ్చాను. అది ఏ రకమో నేను చెప్పలేదు, వారూ అడగలేదు. తిరిగి వచ్చినది ఒక్క బొమ్మ కూడా లేని ఖాళీ పట్టీ. మా నాయనమ్మ ఫోటో మాకు మరొకటి లేదు.

కారణం ఇది. కలర్ ఫిల్మును కడిగేటప్పుడు వెండి బొమ్మతో పాటు రంగుల బొమ్మ కూడా ఏర్పడుతుంది. తరువాతి రసాయనాలు వెండిని తొలగిస్తాయి, రంగులు మిగులుతాయి. సాధారణ నలుపు తెలుపు ఫిల్ములో ఉండేది వెండి బొమ్మ మాత్రమే. దానిని కలర్ యంత్రంలో వేస్తే ఆ వెండి కూడా పోతుంది.

కనుక మొదట రీలు డబ్బాపై అక్షరాలు చదవాలి. 'సి-41' అని ఉంటే కలర్ నెగటివ్ పద్ధతి. కొన్ని నలుపు తెలుపు రీళ్లపైనా ఈ గుర్తు ఉంటుంది, వాటిని కలర్ యంత్రంలోనే కడగాలి. 'ఇ-6' అంటే స్లైడు ఫిల్ము. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' నలుపు తెలుపు ఫిల్ము వంటివాటిని వేరుగా చేతితో కడిగించాలి.

విదేశాల నుండి బంధువులు తెచ్చిన రీలుపై 'కొడాక్రోమ్' అని ఉంటే దాని సంగతి వేరు. దాని తయారీని 2009లో నిలిపివేశారు. దానిని కడిగిన చివరి ల్యాబు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉండేది. అది 2010 డిసెంబరు 30 వరకే రీళ్లు తీసుకున్నది. నేడు ఆ రీలులో రంగులు రావు, తెలిసినవారు కడిగితే నలుపు తెలుపు బొమ్మ రావచ్చు. చాలా పాతబడిన ఇతర కలర్ రీళ్లకు కూడా ఒక్కొక్కసారి ఇదే మార్గం.

రీలు ఇంకా కెమెరాలోనే ఉంటే మూత తెరవరాదు, వెలుగు తగిలితే బొమ్మలు చెడిపోతాయి. డబ్బాలో ఉండే 35 మిల్లీమీటర్ల రీలును వెనుకకు పూర్తిగా చుట్టిన తరువాతే తీయాలి. కాగితం చుట్టిన 120 రీలునైతే ముందుకే చివరి వరకు తిప్పి, నీడలో తీసి, వదులు కాకుండా అంటించాలి.

నేడు అనేక పట్టణాలలో కలర్ ల్యాబులు మూతపడ్డాయి. రీలును బెంగళూరుకో చెన్నైకో పంపవలసి వస్తుంది. మన ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో అయినా రీలుపై గుర్తులు అన్నిచోట్లా ఒకటే. వాటిని ఉన్నవి ఉన్నట్లుగా కవరుపై వ్రాయండి. రీలు సుమారు ఏ సంవత్సరానిదో, ఎక్కడ నిలువ ఉన్నదో కూడా వ్రాయండి. గుర్తులు చెరిగిపోతే "రకం తెలియదు, మమ్మల్ని అడగకుండా కడగవద్దు" అని వ్రాసి ఫోను నంబరు ఇవ్వండి. ముందుగా చివరి ముక్క కత్తిరించి పరీక్షించగలరా అని కూడా అడగవచ్చు. నెగటివ్‌లను తప్పక తిరిగి తీసుకోండి.

తప్పుగా కడిగి బొమ్మ పోయిన రీలును మరల బాగుచేసే ఉపాయం లేదు. ఆ నాలుగు మాటలు అప్పుడే కవరుపై వ్రాసి ఉంటే మా నాయనమ్మ ముఖాన్ని మా పిల్లలు చూసి ఉండేవారేమో.